దివాకర్ మొదటి పిక్

ఆ కాగితాలు కాసేపు పక్కన పెట్టి కూర్చో నాన్నా. పదకొండింటికి కదా నీ డ్రాఫ్ట్, కోచ్‌లందరూ వంతులవారీగా పిల్లల్ని ఏరుకునేది, ఇప్పుడింకా తొమ్మిదిన్నరే. కమ్యూనిటీ సెంటర్ ఎంతలే, ఎనిమిది నిమిషాలు, రెడ్ లైట్లు పడితే పది. ఇడ్లీ తింటావా? తినే వచ్చావా, ఏం తిన్నావు, ఆ ప్రోటీన్ బారేనా? సరే, కాఫీ అయినా తాగు. మెల్లిగా మాట్లాడు, మీ అంకుల్ పైన ఇంకా లేవలేదు. ఏదీ, ఆ లిస్టు ఇలా ఇవ్వు, నా కళ్ళజోడు... ఆఁ, నెత్తి మీదే ఉంది. ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కి అరవై మంది పిల్లలు, ఆరు టీములు, తలా పది. అప్పుడూ ఇంతే. పక్కన ఈ అంకెలు రేటింగులు కదూ, ఒకటి నుంచి ఐదు దాకా. క్వార్టర్‌బ్యాక్, అదే బంతి విసిరేవాడిగా ఆడగలిగినవాళ్ళు ముగ్గురే కనిపిస్తున్నారు, అందులో ఐదు వచ్చింది ఒక్కడికే. అయితే నీ బెంగ అదన్నమాట. మొదటి రౌండ్‌లోనే వాణ్ణి లాగెయ్యాలా, లేకపోతే ఆగి, మూడో రౌండ్‌లో రెండో రకం వాడితో సరిపెట్టుకోవాలా అని. పద్దెనిమిదేళ్ళొచ్చాయి, కోచ్‌వి, నీ ఇష్టం వచ్చినవాణ్ణి తీసుకో, మధ్యలో నేనెందుకు? ఏమన్నావు? మళ్ళీ అను. ఇంగ్లీషులో కాదు, వచ్చినంతలో తెలుగులోనే అను. “మా నాన్న లాగా నేను చెయ్యను.” ఊఁ. అదీ సంగతి. తొమ్మిదేళ్ళయింది, మనిషి పోయి కూడా ఆరేళ్ళు కావస్తోంది, అయినా అది అలాగే ఉందన్నమాట నీ కడుపులో.

క్వార్టర్‌బ్యాక్‌ని ముందే తీసుకోకూడదన్న సిద్ధాంతం నాదేలే. మీ రామమోహన్ అంకుల్‌కీ నాకూ ముప్ఫై ఏళ్ళుగా దాని మీదే పోట్లాట. ఆదివారం వస్తే ఆ సోఫాలో కూర్చుని, “వసుమతీ, ప్రతి ఆటలోనూ బంతి ముందు వాడి చేతికే కదా వచ్చేది, వాడు సరిగ్గా లేకపోతే మిగతావాళ్ళు ఎంతమందుండీ దండగ” అంటారు ఆయన. మన వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీము వాళ్ళు ఒకసారి ఒకే ఒక్క కుర్రాడి కోసం మూడేళ్ళ మొదటి రౌండ్ పిక్కులు ధారపోశారు కదా, ఏమైంది, ఒక్క సీజన్ వెలిగాడు, మోకాలు పోయింది అంటాను నేను. అంత పెద్దవాళ్ళ సంగతే అలా ఉంటే ఇది తొమ్మిదేళ్ళ పిల్లల ఆట. నువ్వెంత బాగా విసిరితే ఏం లాభం, పట్టుకోవాల్సినవాడు డల్లస్ ఎయిర్‌పోర్టులో దిగే విమానం చూస్తూ నిలబడతాడు. బంతి వెనక్కి అందించాల్సినవాడు నీ నెత్తి మీదుగా కంచె అవతలికి విసురుతాడు. అందుకని ముందు బంతి సరిగ్గా అందించేవాళ్ళనీ, పరిగెత్తి అవతలివాళ్ళ నడుముకున్న గుడ్డముక్క, ఆ జెండా, పీకి ఆపేవాళ్ళనీ తీసుకోవాలి, విసిరేవాడు తరవాత. ఇప్పటికీ నా మాట అదే. కానీ ఆ రోజు మీ నాన్న నిన్ను తీసుకోకపోవడం దానివల్ల కాదు. ఉండు, ఉండు, అడ్డం రాకు. దానివల్లే అని నీకు చెప్పింది నేనే. తెలుసు. వరసగా రానీ.

మీ నాన్నకి ఈ ఆట గురించి ఏం తెలుసు చెప్పు? సిద్దిపేట మనిషి, క్రికెట్ అయితే నిద్రలో లేపి అడిగినా స్కోర్లు చెప్పేవాడు. ఆ ఏడు కోచ్‌లు చాల్లేదని లీగ్ వాళ్ళు ఈమెయిల్ పెడితే, నీ కోసం చెయ్యెత్తేశాడు. ఎత్తేసి సరాసరి నా దగ్గరికొచ్చాడు. “వసుమతాంటీ, గీ ఆట నాకు సగమే సమజైతుంది. మీరు నా పక్కన కూసుంటే చాలు, తతిమ్మది నేను ఎక్సెల్‌ల చూస్కుంట.” ఎక్సెల్‌లో చూసుకుంటాట్ట! నిజంగానే చూసుకున్నాడు, అరవై మంది పిల్లలకీ ఎత్తు, పరుగు, పట్టు అని మూడు రంగులు వేసి. నేనప్పుడు లైబ్రరీలో ముందు డెస్క్ దగ్గర ఉండేదాన్ని. ఆగస్టులో ఒక మంగళవారం, పదింటికి తలుపులు తియ్యగానే మీ నాన్న లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, టక్కు, భుజానికి లాప్‌టాప్ బ్యాగు. ఎప్పుడూ మెడలో వేలాడే ఆఫీస్ బ్యాడ్జీ లేదు. వెనకాల పెద్దక్షరాల పుస్తకాల మూల ఉంటుందే, అక్కడికెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఏమయ్యా అంటే, “వర్క్ ఫ్రమ్ లైబ్రరీ ఆంటీ” అని నవ్వాడు. శుక్రవారం లంచ్‌కి బయటికెళ్తే పార్కింగ్‌లో కారు ఆన్ చేసి, లాప్‌టాప్ స్టీరింగ్‌కి ఆనించి, ఎవరికో ఇంటర్వ్యూ ఇస్తున్నాడు. అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. అద్దం దించి అప్పుడు చెప్పాడు.

అవును, లేఆఫ్. సోమవారం పొద్దున పిలిచి చెప్పేశారట. నీకు తెలీదు. కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో మంచి ఆఫర్ వచ్చింది, వెళ్తున్నాం అని కదూ నీకు చెప్పారు. అది అబద్ధం కాదు, కాకపోతే దానికి ముందు యాభై మూడు రోజులున్నాయి. నువ్వు ఇక్కడ పుట్టినవాడివి, నీకీ లెక్క పట్టదు. హెచ్-వన్ వీసా మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే అరవై రోజులు. ఆ లోపల ఇంకొకళ్ళు ఉద్యోగం ఇచ్చి పేపర్లు ఫైల్ చెయ్యాలి, లేకపోతే పెట్టెలు సర్దుకోవాలి. మీ నాన్నకి అక్టోబర్ ఆరుతో అయిపోతుంది. మీ అమ్మ రష్మికి తెలుసు, నాకు తెలుసు, ఇంకెవరికీ తెలీదు. “ఎవ్వలికి చెప్పకుండ్రి ఆంటీ. ఒక్కలకి తెలిసిందంటే పొద్దూకేవరకు హెర్న్‌డన్ ఊరంత తెలుస్తది. స్కూల్ల ఎవలన్న మా కౌశిక్‌ని ‘మీ డాడీకి జాబ్ పోయిందంట గదా’ అంటే వాడేం చెప్తడు?” దేవ్ ఇంకో టీముకి కోచ్ కదా ఆ ఏడు, వాళ్ళావిడ శశికళకి తెలిస్తే రెండొందల కుటుంబాల వాట్సాప్ గ్రూపుకి తెలిసినట్టే. అది భయం. దేవ్ వాళ్ళ కంపెనీలో సరిగ్గా ఆ నెలలోనే మీ నాన్న చేసే పనికే ఇద్దర్ని తీసుకున్నారని మాకు తరవాతెప్పుడో తెలిసింది. మనవాళ్ళ తీరే అంత. ఉద్యోగం పోగానే, ఉద్యోగం ఇప్పించగలిగినవాళ్ళ దగ్గరే ముందు దాచేస్తాం.

ఇప్పుడా రూలు సంగతి. నీకు పిల్లల్లేరు కాబట్టి నీకు అవసరం పడదు కానీ ఇప్పటికీ ఉండే ఉంటుంది. కోచ్ పిల్లాడు ఊరికే కోచ్ టీములోకి రాడు. వాడి రేటింగ్‌కి ఏ రౌండ్ అయితే ఆ రౌండ్ పిక్ వాడి మీద ఖర్చు పెట్టాలి. నీకు ఐదుకి ఐదు ఇచ్చారు. అంటే మీ నాన్న తన మొదటి చీటీ మీద నీ పేరే రాయాలి. రాయకపోతే నువ్వు అందరితో పాటు బయట ఉంటావు, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. అంతకుముందు ఏ కోచ్ కూడా సొంత పిల్లాణ్ణి వదల్లేదు. వదులుకోడానికా కోచ్ అయ్యేది? ఇంకో రూలు కూడా ఉంది, సీజన్ మొదలయ్యాక ఎవరైనా మానేస్తే బదులు ఇవ్వరు. డ్రాఫ్ట్ శనివారం పొద్దున, ఇలాగే. మీ నాన్నకి అది పన్నెండో రోజు. ఆయన కార్లోనే వెళ్ళాం. పార్క్ చేసి, ఇంజన్ ఆపి, దిగకుండా కూర్చున్నాడు. “లెక్కేసిన ఆంటీ. సీజన్ మొదలైనంక, నా అరవై దినాలు దాటకముందు నాలుగు శనివారాలొస్తయ్. జాబ్ దొరకకుంటే ఈ దేశంల నాకున్నయి గవ్వే. ఆ నాలుగు వాడు నా టీముల ఉండాలె. వాని పేరే రాస్త.” అంతే అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. మరి మిగతా తొమ్మిది మంది మాటేమిటి అన్నాను. ఎనిమిది ఆటల్లో నాలుగు ఆడి వాడు మాయమైపోతే ఆ పిల్లలకి ఎవరు విసురుతారు, నువ్వు పోతే కోచ్‌గా నేనున్నాను, వాడు పోతే అరవై మూడేళ్ళ దాన్ని నేను విసరనా అన్నాను. ఏమన్నాడో తెలుసా? “పుస్తకం లేట్ చేసినోన్ని అడిగినట్టే అడుగుతరు ఆంటీ మీరు.” అని దిగి తలుపు వేశాడు. ఏమిటీ? ఇంకో కోచ్ నిన్ను తీసుకుంటే ఆ టీముకీ అదే గతి కదా అంటావా? అవును. ఆ ఆలోచన నాకు రాలేదు. నా టీము, నా తొమ్మిది మంది, అంతవరకే కనిపించింది నాకు.

లోపల ఆరు బల్లలు, లీగ్ నడిపే ముసలాయన స్టాప్‌వాచ్ పట్టుకుని మధ్యలో. పిక్‌కి రెండు నిమిషాలు. లాటరీ తీస్తే మాకు ఒకటో నంబరు, హాలర్‌కి రెండు. మీ కోచ్ హాలర్, ఆ ఎర్ర టోపీ, ఆ గొంతు. నా పేరు నోరు తిరక్క “వసూ” అని పిలిచేవాడు. అంతకుముందు మూడేళ్ళూ అతనే గెలిచాడు, నాకు అతనంటే ఒళ్ళుమంట. “రాసెయ్ దివాకర్, మీవాడే కదా, మాకెందుకీ రెండు నిమిషాల శిక్ష” అని అరిచాడు అటునుంచి. అందరూ నవ్వారు. చీటీ వెళ్ళింది. ముసలాయన విప్పి, ఒకసారి చూసి, మళ్ళీ చూసి, “వేద” అన్నాడు. వేద గుర్తుంది కదా, రెండు జడలు, జెండా పీకితే పీకిన చప్పుడు కూడా వినిపించేది కాదు. దేవ్ కుర్చీ వెనక్కి తిప్పి, “ఆంటీ, తప్పు చీటీ ఇచ్చారేమో చూసుకోండి” అన్నాడు. తప్పేం లేదన్నాను. హాలర్‌కి రెండు నిమిషాలు అక్కర్లేకపోయింది. రెండు సెకన్లలో నీ పేరు చెప్పేశాడు. అయిపోయాక పార్కింగ్‌లో మీ నాన్న హాలర్ దగ్గరికెళ్ళాడు. నేను కారు దగ్గరే ఉన్నాను, అన్నీ వినపడుతున్నాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాడు, ఉద్యోగం పోయింది, నా కొడుకు నీకు నాలుగు ఆటలే ఆడతాడేమో, కావాలంటే ఇప్పుడే వెనక్కెళ్ళి మార్పించుకో అని. హాలర్ ఆ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, “నాలుగు ఆటలైనా వాణ్ణే తీసుకునేవాణ్ణి” అన్నాడు. అంతే. ఎవరికీ చెప్పలేదు కూడా, ఇవాళ్టి వరకు. మరి ఆ మాట నా నోట ఎందుకు రాలేదు?

నువ్వు డ్రైవ్‌వే మీద బంతి పట్టుకుని నిలబడున్నావు. కారు దిగుతుంటే, “డాడీ, మన జెర్సీ ఏ కలర్?” అన్నావు. మన అన్నావు. మీ నాన్న వంగి నీ బూటు లేసు కడుతూ, “నీది రెడ్, నాది గ్రీన్” అన్నాడు. నీకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలికి పరిగెత్తావు. సాయంత్రం ఇక్కడికొచ్చి, ఇదే బల్ల దగ్గర కూర్చుని, నేను పెట్టిన జంతికలు ముట్టుకోకుండా, “ఆంటీ, డాడీకి ఫస్ట్ పిక్ వచ్చిందా? వేదని పిక్ చేశాడా?” అని అడిగావు. అప్పుడు చెప్పాను నీకు, తెలివైన కోచ్ ఎవరూ క్వార్టర్‌బ్యాక్‌ని ముందు తీసుకోరు, అది నా సలహా అని. మీ అంకుల్ ఆ గుమ్మంలోంచి విని కూడా నోరెత్తలేదు. నువ్వు నమ్మావు. నమ్మి ఏమనుకున్నావంటే, మా నాన్నకి నాకంటే ఆంటీ సలహా ఎక్కువ అనుకున్నావు. బుధవారాలు ప్రాక్టీస్‌కి ఆయన కారెక్కడం మానేశావు, హాలర్ వచ్చి తీసుకెళ్ళేవాడు. పక్క మైదానంలోనే మేం. మీ నాన్న విజిల్ ఊదుతూ అటే చూసేవాడు. “దివాకర్, పిల్లలు ఇటున్నారు” అనాల్సొచ్చేది.

యాభై మూడో రోజున డబ్లిన్ వాళ్ళు పేపర్లు ఫైల్ చేశారు. అక్టోబర్ మొదటివారంలో ఆయనొక్కడే వెళ్ళాడు, నీ సీజన్ పాడవకూడదని నిన్నూ మీ అమ్మనీ ఇక్కడే ఉంచి. అంటే చూడు, నువ్వు ఎనిమిది ఆటలూ ఆడావు. మా టీములో ఉన్నా ఎనిమిదీ ఆడేవాడివి. ఎవరూ మధ్యలో మాయమవలేదు, ఆయన తప్ప. ఆఖరి శనివారం మాకూ మీకూ ఆట. శుక్రవారం ఫ్లైట్ ఎక్కి పొద్దున్నే దిగి, ఆ నలిగిన చొక్కాతోనే మైదానానికొచ్చాడు. కోచ్ కాబట్టి మా వైపు నిలబడాలి. నువ్వు ఆ మూల నుంచి ఈ మూలకి విసిరావే, ఆ పొడుగు కుర్రాడు పట్టుకున్నాడు, ఆటే అయిపోయింది. మా వైపు ఒక్క మనిషి చప్పట్లు కొట్టాడు. మా పిల్లల తల్లిదండ్రులందరూ తిరిగి చూశారు ఆయన్ని. నువ్వు చూడలేదు, నాకు తెలుసు, నేను నిన్నే చూస్తున్నాను. డిసెంబర్‌లో మీరూ వెళ్ళిపోయారు. అక్కడ మూడో ఏడు ఆఫీస్ మెట్ల మీద కూలిపోయాడు, నలభై మూడేళ్ళు. మీ అమ్మ మళ్ళీ ఇక్కడికి, వాళ్ళక్క దగ్గరికి వచ్చేసింది. ఈ మధ్యలో ఒక్కసారైనా నీకు చెప్పాలని ఆయన చూడలేదా అంటే, ఏమో, అది మీ ఇంటి లోపలి సంగతి.

ఏమిటీ? ఆఁ... వింటున్నాను. కార్లో నా పేరు రాస్తానన్నవాడు లోపలికెళ్ళి ఎందుకు మార్చాడు అంటున్నావు. నేనడిగింది విని మనసు మార్చుకున్నాడనుకుంటున్నావా? అనుకో. అలా అనుకుంటే సగం తప్పు నాది, సగం ఆయనది అవుతుంది. తొమ్మిదేళ్ళ నుంచి నేనూ అలాగే సర్దుకుంటున్నాను. కాఫీ చల్లారిపోయింది, వేడి చెయ్యనా? సరే.

ఆయన మార్చలేదు. కూర్చోగానే చీటీ లాక్కుని నీ పేరు రాశాడు. పెద్దక్షరాల్లో, ఇంటిపేరుతో సహా. రాసి బోర్లా పెట్టాడు. అప్పుడే ఫోన్ మోగింది. కన్సల్టెన్సీ వాడు, వాళ్ళకి శనివారం లేదు, ఆదివారం లేదు, ఆ ఫోన్ వల్ల ఒరిగింది కూడా ఏం లేదు తరవాత. కానీ ఆ రోజు ఆయన ఏ ఫోనూ వదులుకునే స్థితిలో లేడు కదా. “గిది మీరు ఇచ్చెయ్యుండ్రి ఆంటీ” అని చీటీ నా ముందుకి జరిపి కారిడార్‌లోకి పరిగెత్తాడు. ఇంకా నలభై సెకన్లున్నాయి. నేను చీటీ తిప్పాను. నీ పేరు కొట్టేసి, కింద వేద పేరు రాసి, ఇచ్చేశాను. అవును, నేనే. ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. తొమ్మిది మంది పిల్లల మంచి కోసం అనుకున్నాను, అందులో హాలర్ మీద కోపం ఎంతుందో, నా సిద్ధాంతం నెగ్గాలన్న పంతం ఎంతుందో నాకే తెలీదు. ఆయన తిరిగొచ్చేసరికి హాలర్ నోట్లో నీ పేరుంది. మీ నాన్న నా వైపు చూశాడు. నేను రాసింది అది కాదు అని ఒక్క మాటంటే ఆ ముసలాయన అప్పటికప్పుడు మార్చేవాడే. అనలేదు. కూర్చుని రెండో రౌండ్ లిస్టు తీశాడు. ఇంటికొచ్చేటప్పుడు కార్లో నేనే అన్నాను, కౌశిక్‌కి నేను చెప్తాను, తప్పు నాదని. “వద్దాంటీ. వాడు మీ ఇంటికి రాకుండ అయిపోతడు. రష్మికి జాబ్ దొరికితే బడి నుంచి వచ్చినంక వాన్ని చూసెటోళ్ళు మీరే గదా. నా మీద కోపమా, నాలుగు దినాలల్ల పోతది తియ్యుండ్రి” అన్నాడు.

పోలేదు.

అదీ సంగతి. నా వైపు చూడబుద్ధి కాకపోతే చూడకు. ఏమైనా అనాలనుంటే అను, ఇంగ్లీషులోనైనా సరే. సరే, పదిన్నర దాటింది, లే. మొహం కడుక్కో, ఆ సింకులోనే కడుక్కో, ఫరవాలేదు. తాళాలిలా ఇవ్వు, ఇలా ఉన్నప్పుడు నువ్వు డ్రైవ్ చెయ్యద్దు. నేను దింపుతాను. కార్లోనే కూర్చుంటా, లోపలికి రాను.